ల్యాబ్‌ ఎంపికలో ఊరి కంటే ముందు చూడవలసినవి

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల తెలుగు ఇళ్ళలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, నెట్‌ అర్హత పరీక్ష గట్టెక్కి, పీహెచ్‌డీకి సిద్ధమైన పిల్లలను పెద్దలు మొదట అడిగేది ఊరి గురించే. విశాఖ వెళ్తావా, భువనేశ్వర్‌ వెళ్తావా, ఇక్కడే ఉంటావా అంటారు. ఆ తర్వాత ఏ యూనివర్సిటీ, ఏ ఇన్‌స్టిట్యూట్‌ అన్న మాట వస్తుంది. ఏ ల్యాబ్‌, ఎవరి దగ్గర, అక్కడ ఇప్పటికే ఎందరున్నారు, ముందు చేరినవాళ్ళు ఎన్నేళ్ళకు బయటపడ్డారు అన్న ప్రశ్నలు చివరికి మిగిలిపోతాయి. చాలాసార్లు ఇంటర్వ్యూ గదిలో ఎదురుగా కూర్చున్న ఆచార్యులు "ఎవరి దగ్గర చేయాలనుకుంటున్నావు?" అని అడిగిన నిమిషంలో, నోటికి వచ్చిన పేరుతో అవి తేలిపోతాయి. ఈ వరుస తిరగబడాలి. ఊరు ఏదైనా, సంస్థకు ఎంత పేరున్నా, తెల్లారితే వెళ్ళి పనిచేయవలసింది ఒక గదిలో, ఒక గైడు కింద. ఆ గదిలో పని ఎలా నడుస్తుందన్న దాన్ని బట్టే సిద్ధాంత వ్యాసం నాలుగైదేళ్ళలో పూర్తవుతుందా, ఏడేళ్ళయినా సాగుతూనే ఉంటుందా అన్నది ఉంటుంది. అది ముందుగా తెలుసుకోవడానికి దొరికే అన్ని ఆధారాల్లోకీ నమ్మదగినది, ఇంతకుముందు అక్కడ చేసినవారి కాలం ఎలా గడిచిందన్నదే.

ఈ ప్రాంతం వారికి అందుబాటులో ఉన్న చోట్లు తక్కువేమీ లేవు. బరంపురంలోని భంజవిహార్‌లో 1967లో మొదలైన విశ్వవిద్యాలయం ఉంది. అదే ఊరికి 2016లో ఐసర్‌ (భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ) వచ్చింది. కొరాపుట్‌లో 2009లో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. భువనేశ్వర్‌ వైపు ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ ఫిజిక్స్‌, ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ లైఫ్‌ సైన్సెస్‌, సీఎస్‌ఐఆర్‌ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) వారి ఖనిజ, పదార్థ సాంకేతిక సంస్థ, నైసర్‌ (జాతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ), ఐఐటీ ఉన్నాయి. దక్షిణాన 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం రాయగడ వారికీ బరంపురం వారికీ కూడా రైలు దూరంలోనే ఉంది. అయితే పనిచేసే చోటు ఒకటి, పట్టా ఇచ్చే సంస్థ మరొకటి కావచ్చు. నైసర్‌లోనో ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ ఫిజిక్స్‌లోనో చేసినవారికి పట్టా హోమీ భాభా నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఇస్తుంది. సీఎస్‌ఐఆర్‌ ల్యాబ్‌లలో చేరినవారు సాధారణంగా ఆ మండలికే చెందిన పట్టా సంస్థ ఏసీఎస్‌ఐఆర్‌లో నమోదవుతారు. కోర్స్‌వర్క్‌ (పరిశోధన మొదట్లో చదివి పూర్తిచేయవలసిన తరగతులు), ఫీజులు, థీసిస్‌ సమర్పణ నియమాలు ఆ పట్టా ఇచ్చే సంస్థవే కాబట్టి వాటిని ముందుగా చదువుకోవాలి. ఒడిశా నివాసులు ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో స్థానికేతరుల కింద లెక్క అని, ఒడిశా ఇచ్చిన కుల ధ్రువపత్రం మీద అక్కడి రాష్ట్ర రిజర్వేషన్‌ వర్తించదని కొందరికి దరఖాస్తు చేసిన తర్వాత గానీ తెలియడం లేదు. జాతీయ ఫెలోషిప్‌లకు మాత్రం ఈ సరిహద్దు అడ్డు రాదు.

ముందు చేసినవారి కాలం గురించి తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేని మార్గం ఒకటుంది. దేశంలోని విశ్వవిద్యాలయాలు ఆమోదించిన థీసిస్‌లు చాలావరకు శోధగంగ అనే ఆన్‌లైన్‌ భాండాగారంలో ఉంటాయి. విభాగం పేరుతోనూ గైడు పేరుతోనూ వెతకవచ్చు. ఒక గైడు దగ్గర గత పదేళ్ళలో వచ్చిన మూడు నాలుగు థీసిస్‌లు తెరిచి కూర్చుంటే ఒక సాయంత్రంలో తెలిసేది, ఆ సంస్థ బ్రోచర్లు ఏడాది పొడవునా చదివినా తెలియదు. మొదట డిక్లరేషన్‌ పేజీ మీది తేదీ చూడాలి. కోర్స్‌వర్క్‌ పూర్తయినట్లు ఇచ్చిన పత్రం జతచేసి ఉంటే దాని తేదీ కూడా చూడాలి. ఆ రెండింటి మధ్య ఎడం ఒకరికి ఎక్కువ ఉంటే అది ఆ విద్యార్థి ఇంటి పరిస్థితి కావచ్చు, అనారోగ్యం కావచ్చు. వరుసగా ముగ్గురికి అలాగే ఉంటే అది ల్యాబ్‌ అలవాటు.

తర్వాత చూడవలసింది మెథడ్స్‌ అధ్యాయం. ఎక్కువమంది దాన్ని దాటేసి ఫలితాలకు వెళ్ళిపోతారు కానీ, చేరబోయేవారికి అన్నిటికంటే ఉపయోగపడేది అదే. ఏ శాంపిల్‌ ఎక్కడ పరీక్షించారో అందులో రాసి తీరాలి. సెంట్రిఫ్యూజ్‌, పీసీఆర్‌, స్పెక్ట్రోఫోటోమీటర్‌ ల్యాబ్‌లోనే ఉన్నాయా, ఎన్‌ఎంఆర్‌, మాస్‌ స్పెక్ట్రమ్‌ ఎక్కడో బయట తీయించారా, ఎలక్ట్రాన్‌ మైక్రోస్కోప్‌ చిత్రాలు ఏ ఊరి నుంచి వచ్చాయి అన్నవి అక్కడే తెలుస్తాయి. నలుగురి థీసిస్‌లలో నాలుగు అధ్యాయాలూ బయటి పరికరాల మీదే నడిచి ఉంటే, కొత్తగా చేరేవారి రోజులు కూడా ఇతరుల స్లాట్ల కోసం ఎదురుచూడడంలోనే గడుస్తాయి. ఆ తర్వాత కృతజ్ఞతల పేజీ. ల్యాబ్‌లో సీనియర్ల పేర్లు, పరికరం నడిపిన టెక్నీషియన్‌ పేరు, స్టోర్స్‌ గుమస్తా పేరు, వేరే ల్యాబ్‌లో రాత్రిపూట పని చేసుకోనిచ్చిన ఆచార్యుల పేరు ఉన్న పేజీ చదివితే అక్కడ మనుషుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఉందని తెలుస్తుంది. గైడు పేరు తర్వాత తల్లిదండ్రుల పేర్లు తప్ప ఇంకెవరూ లేని పేజీలు వరుసగా కనబడితే, అక్కడ ఒంటరిగా పనిచేయడం తప్పదేమోనని అనుమానించి, ఆ అనుమానం సరైనదో కాదో నేరుగా వెళ్ళి చూడాలి.

పరికరాల మాట ఈ జిల్లాల్లో ఇంకొంచెం నిదానంగా చూడవలసినది. పెద్ద నగరాల్లో పక్క సంస్థకు వెళ్ళి అరపూటలో తీయించుకు వచ్చే కొలతకు ఇక్కడ ప్రయాణం కావాలి. ఋషికుల్య ముఖద్వారం దగ్గర తెల్లవారుజామున సేకరించిన చేప కణజాలాన్నే తీసుకుంటే, దాన్ని ఒడ్డు మీదే చిన్న గొట్టాల్లో వేసి, పేరు, తేదీ, చోటు చెరగని మార్కర్‌తో రాసి, ఐస్‌లో పెట్టి బరంపురం చేర్చాలి. అక్కడ మైనస్‌ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచి, బయటి సంస్థ తేదీ ఇచ్చిన రోజున థర్మాకోల్‌ పెట్టెలో సర్ది, మూత చుట్టూ టేపు వేసి, రైలెక్కి భువనేశ్వర్‌కైతే మూడు గంటలు, విశాఖకైతే నాలుగైదు గంటలు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాలి. రైలు ఆలస్యమైతే పెట్టె అడుగున తడి కనబడుతుంది. ఆ తడితో పోయేది ఆరునెలల పని. ఇలాంటి ప్రయాణాలు చేసి కూడా మంచి థీసిస్‌లు రాసినవారు ఉన్నారు, కనుక దూరం ఒక్కటే ల్యాబ్‌ను వద్దనడానికి కారణం కాకూడదు. అడగవలసింది ఆ ప్రయాణాలకు ఏర్పాటు ఉందా అన్నది: డ్రై ఐస్‌ ఎవరు తెప్పిస్తారు, టికెట్టు ఖర్చు గ్రాంటులోంచి ఎన్నాళ్ళకు తిరిగివస్తుంది, అవతలి సంస్థతో గైడుకు కలిసి పనిచేసే ఒప్పందం ఉందా, లేక ప్రతిసారీ విద్యార్థే వెళ్ళి బతిమాలుకోవాలా.

సొంత పరికరాలున్న చోట కూడా వాటి పక్కన వేలాడే లాగ్‌బుక్‌ ఒక్కసారి తిరగేయాలి. నెలలో ఎన్ని రోజులు నడిచింది, ఎవరి పేర్లు ఉన్నాయి, "అవుట్‌ ఆఫ్‌ ఆర్డర్‌" అని రాసిన పేజీ తర్వాత మళ్ళీ మొదటి సంతకం ఎన్ని నెలలకు పడింది అన్నవి అందులో ఉంటాయి. విద్యార్థులు స్వయంగా నడిపే పరికరమైతే నేర్చుకునే అవకాశం. టెక్నీషియన్‌ ఒక్కరే ముట్టుకునే పరికరమైతే ఆయన సెలవు పెట్టిన వారం పని ఆగుతుంది. ఈ తీరానికి ప్రత్యేకమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్‌ తుపాను గోపాల్‌పూర్‌ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్‌ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను కుదిపేసింది. అంటే విజయదశమి సెలవుల ముందూ వెనుకా, ల్యాబ్‌లో మనుషులు తక్కువగా ఉండే రోజుల్లోనే, కరెంటు రోజుల తరబడి పోయే ప్రమాదం ఉంది. ఫ్రీజర్‌కు జనరేటర్‌ లైను ఉందా, డీజిల్‌ బాధ్యత ఎవరిది, ఆ రోజుల్లో ఊళ్ళో ఉండేది ఎవరు అని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పే ల్యాబ్‌ మిగతా విషయాల్లోనూ సాధారణంగా జాగ్రత్తగానే ఉంటుంది.

రుతువును బట్టి నడిచే పనికి చేరే నెల కూడా లెక్కలోకి వస్తుంది. ఆలివ్‌ రిడ్లీ తాబేళ్ళు ఋషికుల్య దగ్గర సామూహికంగా గుడ్లు పెట్టేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. కొన్ని ఏళ్ళు అది అసలు జరగదు. అటవీ శాఖ అనుమతి లేకుండా వాటి జోలికి వెళ్ళడానికి చట్టం ఒప్పుకోదు. జూలైలో చేరి, కోర్స్‌వర్క్‌ ముగించుకుని, అనుమతికి కాగితాలు పెట్టే సరికి మొదటి సీజన్‌ గడిచిపోతుంది. అలాంటి అంశం మీద పనిచేసే ల్యాబ్‌లో అనుమతి ముందే ఉందా, తాబేళ్ళు రాని ఏడాదికి వేరే అధ్యాయం సిద్ధంగా ఉందా అన్నది గైడును సూటిగా అడగవచ్చు. కొరాపుట్‌ కొండల్లో వరి రకాల మీద చేసే పనికీ ఇదే వర్తిస్తుంది. ఖరీఫ్‌ పోతే ఏడాది పోయినట్లే. ఛత్రపురం ఇసుక ఖనిజాల మీదనో, దామన్‌జోడి బాక్సైట్‌ మీదనో పనిచేసేవారికి ఋతువుల బాధ లేదు కానీ, శాంపిల్‌ కావాలంటే కంపెనీ అనుమతి కావాలి.

గైడు విషయానికి వస్తే, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనలు కొన్ని లెక్కలు స్పష్టంగా చెప్పాయి. ప్రొఫెసర్‌ ఒక సమయంలో ఎనిమిది మందిని, అసోసియేట్‌ ప్రొఫెసర్‌ ఆరుగురిని, అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ నలుగురిని మించి తీసుకోరాదు. పదవీ విరమణకు మూడేళ్ళ లోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను చేర్చుకోరాదు. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఆ పైన రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్ళు. ఏడుగురున్న ప్రొఫెసర్‌ దగ్గర ఎనిమిదోవారిగా చేరడం నిబంధనకు సరిపోతుంది; కానీ ఆ ఎనిమిది మందికి వారంలో ఎన్ని గంటలు దొరుకుతాయన్నది నిబంధన చెప్పదు. కొత్తగా చేరిన అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ దగ్గర గ్రాంటు చిన్నదిగా ఉండవచ్చు, పరికరాలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉండవచ్చు. అయినా ఆయనో ఆమెనో పగలంతా బెంచి దగ్గరే ఉంటారు, పైపెట్‌ పట్టుకోవడం దగ్గర నుంచి తామే నేర్పుతారు, మొదటి స్కాలర్‌ థీసిస్‌ బాగా రావడం వారికీ అవసరమే. మొదటి తరం పరిశోధకులకు, అంటే ఇంట్లో ఇంతకుముందు ఎవరూ పీహెచ్‌డీ చేయని వారికి, పేరుమోసిన పెద్దాచార్యుల దగ్గర ఎనిమిదో కుర్చీ కంటే ఇలాంటి చోటే తరచు మేలు చేస్తుంది. కుర్రగైడుకు గ్రాంటు రాకపోతే వచ్చే ఇబ్బందీ నిజమే. అందుకే విభాగంలో పెద్దలు ఆయనకు తమ పరికరాలు వాడుకోనిస్తున్నారా అన్నది కనుక్కుని చేరాలి. గైడు పేరున్న పరిశోధన పత్రాల్లో మొదటి పేరు విద్యార్థులదే ఉంటుందా, ప్రతిసారీ వేరెవరిదో ఉంటుందా అన్నది కూడా పది నిమిషాల్లో చూసుకోగలిగిన విషయం.

డబ్బు గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. జేఆర్‌ఎఫ్‌ (జూనియర్‌ రీసెర్చ్‌ ఫెలోషిప్‌) వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌ (సీనియర్‌ ఫెలోషిప్‌) అయ్యాక 42,000 రూపాయలు. అది విద్యార్థి పేరున వచ్చిన డబ్బు. ల్యాబ్‌ మారినా, నిబంధనలకు లోబడి, వెంట తీసుకుపోవచ్చు. ప్రాజెక్టులో ఫెలోగా చేరినవారి పరిస్థితి వేరు. ప్రాజెక్టు సాధారణంగా మూడేళ్ళు, పీహెచ్‌డీ నాలుగైదేళ్ళు. చివరి రెండేళ్ళు ఏమిటన్నది చేరే రోజునే అడగాలి. ప్రాజెక్టు పనీ థీసిస్‌ పనీ ఒకటేనా, రెండు వేరువేరా అన్నది దాని వెంటే అడగాలి. వేరువేరైతే పగలు ఒకరి రిపోర్టుకు, రాత్రి తన అధ్యాయానికి పనిచేయవలసి వస్తుంది. ఆడపిల్లలు ప్రత్యేకంగా గమనించవలసిన నిబంధన ఇక్కడే ఉంది. పెళ్ళి వల్లనో మరో కారణంతోనో ఊరు మారవలసి వస్తే స్కాలర్‌ తన పరిశోధన సమాచారాన్ని కొత్త సంస్థకు తీసుకుపోవడానికి 2022 నిబంధనలు వీలు కల్పించాయి. కానీ ఆ పని పాత సంస్థకో గైడుకో మంజూరైన ప్రాజెక్టులో భాగమైతే ఆ వీలు లేదు. బరంపురంలో ప్రాజెక్టు మీద మూడేళ్ళు చేసి, పెళ్ళయి హైదరాబాద్‌ వెళ్ళవలసి వచ్చిన అమ్మాయికి ఈ ఒక్క వాక్యం మూడేళ్ళ కష్టాన్ని దూరం చేయగలదు. ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు ఇచ్చే వెసులుబాటు, గరిష్ఠ కాలపరిమితిపై మరో రెండేళ్ళ సడలింపు కూడా అదే నిబంధనల్లో ఉన్నాయి. వాటిని ల్యాబ్‌లో ఇంతకుముందు ఎవరైనా వాడుకున్నారా, వాడుకున్నాక తిరిగి వచ్చి పూర్తిచేశారా అన్నది అక్కడి అమ్మాయిలను అడిగితే తెలుస్తుంది.

భాష సంగతి ఈ జిల్లాల వారికి బలమూ ఉంది, చిక్కూ ఉంది. గైడు తెలుగువారైతే చాలు, మనవాళ్ళు కదా చూసుకుంటారు అన్న ధీమా ఇళ్ళలో ఇంకా ఉంది. మొదటి నెలల్లో ఆ ఆత్మీయత ఎంతో ఆదరువుగా ఉంటుందనడంలో సందేహం లేదు. కానీ మనవాళ్ళన్న మొహమాటంతోనే నెలనెలా రావలసిన ఫెలోషిప్‌ సంతకం అడగలేక, థీసిస్‌ ముసాయిదా చదివారా అని గుర్తుచేయలేక ఊరుకుండిపోయేవారూ ఉంటారు. ఆ గైడు దగ్గర ఒడియా విద్యార్థులూ బెంగాలీ విద్యార్థులూ కూడా సకాలంలో పూర్తిచేశారా అని చూస్తే, ఆయన మంచితనం బంధుత్వం మీద ఆధారపడిందో, పని మీద ఆధారపడిందో అర్థమవుతుంది. రెండో వైపు, గంజాం తీరంలోని మత్స్యకార పల్లెల్లో నోలియా జాలరులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. సముద్ర శాస్త్ర ల్యాబ్‌లో తెలుగూ ఒడియా రెండూ వచ్చిన విద్యార్థికి వారు వల లాగుతూ చెప్పే మాట సూటిగా అందుతుంది. ఏ చేప ఏ నెలలో ఏ లోతున దొరకడం మానేసిందో ప్రశ్నపత్రం లేకుండానే తెలుస్తుంది. అలాంటి విద్యార్థి నెమ్మదిగా ల్యాబ్‌ మొత్తానికి దుభాషిగా మారిపోయే ప్రమాదమూ ఉంది. ప్రతివారి ఫీల్డుకూ వెంట వెళ్ళాలి, ప్రతివారి ఇంటర్వ్యూలూ అనువదించాలి, తన పని ఆదివారాలకు మిగలాలి. ఆ సాయానికి పత్రంలో పేరు ఉంటుందా, నెలకు ఎన్ని రోజులు అన్నది ముందే మాట్లాడుకోవడం తప్పేమీ కాదు.

భాషలూ జానపదమూ సమాజమూ అంశంగా తీసుకునే వారికి ఇక్కడ ఒక పూర్వోదాహరణ ఉంది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవరలను ఇంటికి పిలిపించుకుని వారి దగ్గరే సవర నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువూ వ్యాకరణమూ రాశారు. ఆయనకు ల్యాబ్‌ లేదు, గ్రాంటు లేదు. మాట్లాడే మనుషులు నడక దూరంలో ఉన్నారు. సవర, కువి, దేశియా భాషల మీద పనిచేయదలచిన వారు దూరపు పేరున్న విభాగం కంటే కొరాపుట్‌, పర్లాకిమిడి దాపున ఉండే చోటును కోరుకోవడం ఈ కారణంగా సబబే. రికార్డింగులు విశ్లేషించడానికి దూరపు నిపుణుల్లో ఒకరిని కో-గైడుగా పెట్టుకోవడానికి నిబంధనలు అడ్డు రావు.

ఇన్ని కాగితాలు చూసిన తర్వాత మనుషులను కలవాలి. ల్యాబ్‌లో ఇప్పుడున్నవారు గైడు ఉన్న అంతస్తులో ఒకలా, హాస్టల్‌ మెస్‌లో మరోలా మాట్లాడతారు. అందుకే కనీసం రెండు రోజులుండేలా వెళ్ళాలి. "సార్‌ ఎలాంటివారు?" అని అడిగితే "చాలా మంచివారు" అనే వస్తుంది. కిందటి నెలలో సార్‌తో పని గురించి ఎన్నిసార్లు కూర్చున్నారు, ఆర్డర్‌ పెట్టిన కెమికల్‌ ఎన్నాళ్ళకు చేతికి వచ్చింది, ఫెలోషిప్‌ చివరిసారి ఏ నెలది అందింది, ఇంటికి చివరిసారి ఎప్పుడు వెళ్ళారు అని అడిగితే లెక్కగా చెబుతారు. పూర్తిచేసి వెళ్ళినవారితో ఫోనులో మాట్లాడడం అవసరమే. మధ్యలో వదిలేసి వెళ్ళినవారు ఉంటే వారితో మాట్లాడడం మరీ అవసరం, అయితే వారి మాటను ఒక్క సాక్ష్యంగానే తీసుకోవాలి. ల్యాబ్‌ మీటింగ్‌లో వెనక కూర్చోవడానికి గైడు అనుమతి అడగవచ్చు. ఫలితం రాని ప్రయోగాన్ని ఒక విద్యార్థి చూపించినప్పుడు గది ఎలా స్పందించిందో చూస్తే చాలు. మిగతా సంగతులు ఊహించుకోవచ్చు. సందర్శకులను మీటింగ్‌కు రానివ్వని ల్యాబ్‌లు కొన్ని సరైన కారణాలతోనే అలా చేస్తాయి, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. ల్యాబ్‌ విద్యార్థులతో విడిగా మాట్లాడవద్దని చెప్పే చోట మాత్రం చేరకపోవడమే మంచిది.

ఇవన్నీ చూసుకున్నా తేదీలు అనుకూలించకపోవచ్చు, గైడు కేటాయింపు విభాగం చేతిలో ఉండి వేరేవారి దగ్గర పడవచ్చు. కేటాయింపులో విద్యార్థి ఆసక్తిని కూడా చాలాచోట్ల లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, ఇంటర్వ్యూకు నెల ముందే ఇద్దరు ముగ్గురు గైడులకు, వారి ఇటీవలి పత్రం ఒకటి చదివి అందులో తెలియని విషయం అడుగుతూ చిన్న మెయిల్‌ రాసి ఉంచితే, ఇంటర్వ్యూలో పేరు చెప్పడానికి ఆధారం ఉంటుంది. చేరిన తర్వాత పొసగదని తేలితే, సినాప్సిస్‌ (పరిశోధన ప్రణాళిక) ఖరారు కాకముందు, కోర్స్‌వర్క్‌ సాగుతున్న మొదటి ఏడాదిలోనే గైడు మార్పు అడగడం తేలిక; అప్పటికి డేటా పోగుపడదు, ఎవరి పనినీ ఎవరూ పంచుకోనక్కర్లేదు. ప్రతి సెమిస్టర్‌కూ రీసెర్చ్‌ అడ్వైజరీ కమిటీ ముందు హాజరై పురోగతి చెప్పాలన్న నియమం అందుకు దారి ఇస్తుంది. ఆ కమిటీలో గైడు కాని సభ్యులు ఉంటారు, వారికి రాతపూర్వకంగా చెప్పిన మాట ఫైల్లో నిలుస్తుంది. నాలుగో ఏడాదిలో చెప్పిన అదే మాటకు, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్నే మొదట ఎదురవుతుంది.